కూర్మారావు నవ్వు అటువైపు ఉంది

ఆయుధపూజ, దసరా అయిన మర్నాడు పొద్దున్న ఆఫీసు ల్యాప్‌టాప్ మూత తెరవగానే, బల్లమీదున్న తెర, కీబోర్డు, మౌసులతో పాటు కూర్మారావు చేతులు రెండూ, కళ్ళు రెండూ, చెవులు రెండూ, గొంతూ, నవ్వూ కూడా ఆఫీసువైపు వెళ్ళిపోయాయి. ఇంట్లో ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. ఆయన భార్య హైమావతి వంటింట్లో ఉప్మా కలుపుతూ, "అప్పుడే మొదలయిందా?" అంది, అంతే.

ముందు ఆ బల్ల సంగతి చెప్పుకోవాలి. విశాఖపట్నంలో మధురవాడవైపు వాళ్ళ ఫ్లాటు. అందులో కూర్మారావు వాటాకి వచ్చిన గది ఎంతటిదంటే, కుర్చీ వెనక్కి జరిపితే తలుపు మూసుకుపోతుంది, తలుపు తెరిస్తే కుర్చీ బల్లకిందకి దూరిపోతుంది. బల్లకింద ఇంటి కంప్యూటరు, ఆటల కోసం మోజుపడి కొన్నది. దానికి ముందూ వెనకా రంగుదీపాలు. ఆన్ చేస్తే పెళ్ళివారు విడిదిలో దిగినట్టు ఒకటే వెలుగు, ఒకటే రొద. బల్లపైన ఆఫీసు ల్యాప్‌టాప్. అది పెదవి విప్పదు. దాని వీపున ఆఫీసు సొత్తని ఒక చీటీ, చీటీమీద గీతలూ అంకెలూ. ఈ రెంటికీ కలిపి పెద్ద తెర ఒకటి, కీబోర్డు ఒకటి, మౌసు ఒకటి, హెడ్‌సెట్ ఒకటి. రెండో జత పెడదామంటే చోటు లేదు. పెడితే మనిషి బయట కూచోవాలి.

అందుకని రోజూ పొద్దున్న కూర్మారావు బల్లకింద దూరి తీగలన్నీ ఇంటి కంప్యూటర్నుంచి పీకి ఆఫీసుదానికి తగిలించేవాడు. సాయంత్రం మళ్ళీ దూరి ఇటు తగిలించేవాడు. వెళ్ళినప్పుడల్లా పైకి లేస్తూ బల్లకి తల కొట్టుకునేవాడు. హాల్లో కూచున్న తల్లి అప్పలనరసమ్మ ఆ చప్పుడుతోనే పూట తెలుసుకునేది. మొదటి దెబ్బకి కాఫీ అడిగేది, రెండో దెబ్బకి లేచి దీపం పెట్టేది.

తల బొప్పి కట్టీ కట్టీ చివరికి కూర్మారావు ఒక స్విచ్చు పెట్టె తెప్పించాడు. సబ్బుపెట్టెంత ఉంటుంది. దానికి రెండు మీటలు. తీగలన్నీ ఆ పెట్టెకే తగిలించాలి. ఎడమ మీట నొక్కితే తెర, కీబోర్డు, మౌసు, హెడ్‌సెట్ అన్నీ మూకుమ్మడిగా ఆఫీసువైపు వెళతాయి. కుడి మీట నొక్కితే ఇంటివైపు వస్తాయి. పెట్టె వచ్చిన రోజున నరసమ్మగారు దీపం పెట్టడం మరిచిపోయింది.

ఇంటివైపు మీటకి ఎక్కువగా కాపలా కాసేది కూతురు సంహిత. నాలుగో తరగతి. తండ్రీ కూతుళ్ళిద్దరూ కలిసి ఆ కంప్యూటర్లో ఒక ఊరు కడుతున్నారు. సంహితాపురం. దానికి వీధులు, చేపల బజారు, రెండు సినిమా హాళ్ళు, ఊరి మధ్య ఒక చెరువు. సరుకులన్నీ ఎడ్లబళ్ళమీదే వస్తాయి. ఒకసారి సంహిత తోలుతున్న బండి మలుపు దగ్గర అదుపు తప్పి, బెల్లం దిమ్మలతో సహా చెరువులో పడింది. ఎద్దులు ఈదుకుంటూ ఒడ్డెక్కి, ఏమీ ఎరగనట్టు గడ్డి మేయడం మొదలెట్టాయి. అప్పుడు నవ్వాడు కూర్మారావు.

ఆ నవ్వు గురించి రెండు మాటలు చెప్పకపోతే తరవాత జరిగింది బోధపడదు. అది ముందు ఎక్కిళ్ళలా మొదలయ్యేది. తరవాత భుజాలు ఎగిరేవి. మధ్యలో ఊపిరాడక చెయ్యి బల్లమీద దబదబా కొట్టుకునేవాడు. ఆఖర్న ఎక్కడో ముక్కులోంచి కుక్కరు కూత వచ్చేది. ఆ కూత వినపడిందంటే వంటింట్లో హైమావతి పొరపాటున స్టవ్ తగ్గించేది. ఆ రోజునుంచీ సంహితకి ఊరు కట్టడంమీద ధ్యాస పోయింది. రోజుకో బండి ఏదో వంకన చెరువులో పడేది. పిల్ల తెరవైపు చూసేది కాదు, తండ్రి మొహంకేసి చూసేది.

ఇలా ఉండగా దసరా వచ్చింది. నవమినాడు నరసమ్మగారు కంప్యూటర్లకి పూజ చేస్తానంది. ఆవిడది శ్రీకాకుళం జిల్లాలో పల్లె. నాగలికీ, పారకీ, కొడవలికీ పసుపు దారం కట్టిన చెయ్యి. కొడుకు పొలం ఈ బల్లే కాబట్టి బల్లకే చేసింది. తెరకి బొట్టు పెట్టింది. కీబోర్డు గళ్ళ మధ్య కుంకుం పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. పసుపు దారం తీసుకుని ఇంటి కంప్యూటరుకి చుట్టి, ఆఫీసు ల్యాప్‌టాప్‌కి చుట్టి, తెరకీ మౌసుకీ చుట్టి, అన్నిటినీ కలిపి స్విచ్చు పెట్టెకి ముడివేసింది. మిగిలిన దారం పట్టుకుని కొడుకుని రమ్మంది.

"నాకెందుకమ్మా?"

"ఎందుకేటి? పనిముట్లన్నిటికీ కట్టీసి, పన్సేసేవోడికి కట్టకుండా ఒగ్గీమంటావేటి? మీ నాన్నకి నాగలితోపాటే కట్టీదాన్ని. సెయ్యి ఇలాగియ్యి."

"అయితే తెంపి కట్టు. ఇది పెట్టెకి ముడేసి ఉంది."

"పూజ దారం మద్దిలో తెంపకూడదురా. ఒక్క దారమే ఉండాల."

ఆ విధంగా ఒకే దారం స్విచ్చు పెట్టెనుంచి కూర్మారావు మణికట్టు దాకా వచ్చింది. హారతి ఇచ్చారు. పెట్టెమీద చిన్న దీపం ఒకటి రెండుసార్లు మిణికింది. అది హారతి వెలుగేమో అనుకున్నారు. కూర్మారావు కొబ్బరిముక్క కోసం లేచేసరికి దారం దానంతటదే తెగింది. నరసమ్మగారు, "అదే తెగితే దోసం లేదు," అంది.

దోషం లేకపోవచ్చు గాని, పెట్టె అప్పటికే లెక్క రాసుకుంది. దసరా మర్నాడు ల్యాప్‌టాప్ తెరవగానే తెరమీద ఒక కబురు వచ్చింది. కొత్త పరికరాలు కనబడ్డాయి, చేతులు, కళ్ళు, చెవులు, గొంతు, నవ్వు, వీటిని వాడుకోవడానికి సమ్మతమేనా అని. ఇటువంటి కబుర్లు వచ్చినప్పుడు లోకంలో అందరూ ఏం చేస్తారో కూర్మారావూ అదే చేశాడు. చదవకుండా సరే నొక్కాడు. దారం తెగిపోయింది కదా, ఇంకా ఎలా తగులుకుని ఉంటాయని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఈ రోజుల్లో మౌసుకే తీగ లేదు, మనిషికెందుకు?

మొదటిరోజు మధ్యాహ్నం దాకా తేడా తెలియలేదు. భోజనం వేళకి లేచి వచ్చి కంచం ముందు కూచున్నాడు. చేతులు మాత్రం కంచం అంచుమీద టకటకా టైపు చేస్తున్నాయి. కళ్ళు గోడమీద ఏవో వరసలు చదువుతున్నాయి. హైమావతి కాసేపు చూసి, గదిలోకి వెళ్ళి కుడి మీట నొక్కి వచ్చింది. చేతులు అన్నంలోకి దిగాయి. కళ్ళు పప్పు గిన్నెని గుర్తుపట్టాయి.

"ఎక్కడికెళ్ళారిందాకా?" అంది.

"ఇక్కడే ఉన్నానే. చేతులు లేవు, అంతే."

"ఇదివరకు మాత్రం ఉండేవా ఏమిటి! నయం, ఇప్పుడు మీటయినా ఉంది."

ఆవిడ మాటలో అబద్ధం లేదు. ఆ ఇంట్లోవాళ్ళు నాలుగురోజుల్లో అలవాటు పడిపోయారు. స్నానానికి కుడి మీట, మీటింగుకి ఎడమ మీట. కొత్తిమీర తెమ్మంటే కుడి మీట నొక్కి పంపించేవారు. దార్లో ఆఫీసు ల్యాప్‌టాప్ నిద్రలేచిందంటే కూర్మారావు కళ్ళు అటు వెళ్ళిపోయేవి. చెయ్యి కూరల బండిమీద ఏదో అందిన ఆకు అందుకుని వచ్చేసేది. పుదీనాతో చారు పెట్టుకున్నారు, గోంగూరతోనూ పెట్టుకున్నారు. ఆఫీసువాళ్ళు పద్ధతైన మనుషులు. వారం తిరక్కుండా కొరియర్లో చీటీలు పంపారు, గీతలూ అంకెలూ ఉన్నవి. ఒకటి కుడిచేతికి, ఒకటి ఎడమచేతికి, ఒకటి గొంతుకింద అంటించుకోవాలి. తడిచినా ఊడవని రాశారు. నవ్వుకి చీటీ ఎక్కడ అంటించాలో తెలియక దాన్ని ఉత్తినే జేబులో పెట్టుకున్నాడు.

చిక్కు ఆ నవ్వు దగ్గరే వచ్చింది.

ఆ ఆదివారం సాయంత్రం సంహిత కుడి మీట నొక్కి, తండ్రి పక్కన మోకాళ్ళమీద కూచుని, ఉల్లిపాయల బండిని తిన్నగా చెరువులోకి తోలింది. ఉల్లిపాయలన్నీ నీళ్ళమీద తేలాయి. బండివాడు ఒక బస్తామీద ఎక్కి కూచుని ఊరంతటికీ నమస్కారాలు పెట్టుకుంటూ కొట్టుకుపోయాడు. కూర్మారావు భుజాలు ఎగిరాయి. చెయ్యి బల్లని కొట్టింది. నోరు తెరుచుకుంది. చప్పుడు లేదు.

"నాన్నా, నీకు నవ్వు రాలేదు," అంది పిల్ల.

"వస్తుందమ్మా. కొన్ని వస్తువులు మారడానికి కాస్త టైము పడుతుంది."

ఇద్దరూ ఎదురుచూశారు. బండివాడు అవతలి ఒడ్డుకి చేరిపోయాడు. అప్పుడు మూసి ఉన్న ఆఫీసు ల్యాప్‌టాప్ లోపలినుంచి, దుప్పటి కప్పుకుని నవ్వినట్టు, ఎక్కిళ్ళూ ఆ వెనక కుక్కరు కూతా వినిపించాయి. మిగతావన్నీ మీటతోపాటు ఇటు వస్తున్నాయి గాని, నవ్వు మాత్రం అటే ఉండిపోయింది.

సోమవారం పొద్దున్న మేనేజరు మురారిగారు ఫోన్ చేశారు. ఆయన గొంతు మెత్తన. ఎవరినీ ఒక్క మాట అనరు, పని మాత్రం పెంచుతారు.

"కూర్మారావుగారూ, నిన్న క్లయింటుతో మాట్లాడుతుంటే మీ నవ్వు వచ్చిందండీ. నేను గడువు ముందుకి జరపాలన్నాను. అంతా మొహాలు వేలాడేసుకున్నారు. సరిగ్గా అప్పుడు మీరు నవ్వారు. క్లయింటు కూడా నవ్వేశాడు. గడువు ఒప్పుకున్నారు."

"నేను మీటింగులో లేను సర్."

"మీరు లేరు. నవ్వు ఉంది. అది చాలు."

కూర్మారావు ఆఫీసు సహాయకేంద్రానికి ఫోన్ చేశాడు. ఎత్తిన అమ్మాయి పేరు ప్రసూన అని చెప్పింది. ఆమె మర్యాదకి వంక పెట్టడానికి లేదు.

"మీ నవ్వు మాకు బాగానే కనిపిస్తోంది సర్. పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది, అంటే పనిలో ఉన్నట్టే. సమస్య ఏమిటి?"

"మీకు కనిపించడమే సమస్యండీ. నాకు ఇంట్లో కనిపించడం లేదు."

"ఇంటి కంప్యూటరు మీ సొంతమా సర్?"

"సొంతమే. నవ్వూ సొంతమే."

"సొంత పరికరాలు ఆఫీసు పనికి తెచ్చుకోవచ్చన్నది మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతే సర్. చాలామంది తెచ్చుకుంటున్నారు. ఒకాయన నిద్ర తెచ్చారు, ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు."

"తెచ్చుకున్నవాళ్ళు తీసుకెళ్ళిపోవచ్చా?"

ప్రసూన కాసేపు ఏదో వెతికింది. "తెచ్చుకోవడానికి ఉంది సర్. తీసుకెళ్ళడానికి లేదు. ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేశారా?"

"నవ్వునా?"

"మిమ్మల్ని సర్."

ఆపి ఆన్ చేయడమంటే ఏమిటో ఇంట్లో చర్చ జరిగింది. హైమావతి ఒక పూట సెలవు పెట్టించి, మధ్యాహ్నం పడుకోబెట్టి, లేపింది. లేచాడు, నవ్వు లేవలేదు. తాను వేసిన ముడి గనక తానే విప్పుతానని నరసమ్మగారు కుర్చీ లాక్కుని కూచుంది. కొడుకు మణికట్టున మిగిలిన దారం కొస పట్టుకుని లాగబోతే తెరమీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

"ఏటంటదిరా అది?"

"ముడి విప్పడానికి నీకు అధికారం లేదంటోందమ్మా. అడ్మినిస్ట్రేటరు అనుమతి కావాలిట."

"ఎవుడ్రా ఆడు? ఏ ఊరు?"

"తెలీదమ్మా. ఎవరూ చూళ్ళేదు."

"సూడనోడికి బయపడి, కన్నతల్లి ముడి ఇప్పకూడదా? నాను కట్టినపుడు ఆడు ఎక్కడున్నాడు?"

ఇంతలో కూర్మారావు చెయ్యే వచ్చి తల్లి చేతిని మెల్లగా పక్కకి జరిపింది. అప్పుడే ఆఫీసు ల్యాప్‌టాప్ నిద్రలేచి పెట్టె ఎడమ మీటకి మారింది. ఆ చెయ్యి తనది కాదని కూర్మారావుకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. అయినా నరసమ్మగారు ఆ పూట అన్నం తినలేదు.

సంహిత ఇవేవీ పట్టించుకోలేదు. స్కూలు తెరిచేశారు గాని, సాయంత్రాలు ఆ పిల్లవే. ఒక్క ఉల్లిపాయల బండి చాల్లేదేమో, ఇంకా పెద్దది పడితే నాన్న నవ్వు ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుందని పిల్ల లెక్క. వారమంతా సాయంత్రాలు ఆ పనిమీదే పెట్టింది. పెళ్ళివారి బళ్ళు వరసగా తయారుచేసింది. ముందు బ్యాండుమేళం బండి, తరవాత లడ్డూల బుట్టల బండి, ఆ వెనక పెళ్ళికొడుకూ, తోడుపెళ్ళికొడుకూ ఉన్న బండి, ఆఖర్న అలిగిన మేనమామ ఒక్కడే ఉన్న బండి. చెరువు మలుపుని ఇంకాస్త వంకర చేసింది. గట్టుమీద పురోహితుణ్ణి గొడుగుతో నిలబెట్టింది. "ఆదివారం సాయంత్రం, నాన్నా. అప్పటికి నవ్వు తెచ్చుకో," అంది.

కూర్మారావు మురారిగారికి అర్జీ పెట్టుకున్నాడు. ఆదివారం సాయంత్రం ఒక్కపూట తన నవ్వు తనకి ఇప్పించమని, పాప ఆట పూర్తికాగానే తిరిగి అప్పజెబుతానని. మురారిగారు వెంటనే ఫోన్ చేశారు.

"నాకూ పిల్లలున్నారండీ, అర్థం చేసుకోగలను. కాని ఆదివారం సాయంత్రమే క్లయింటుకి తీరిక. మీ నవ్వు లేకుండా ఆ మనిషి దేనికీ తలాడించడం లేదు. ఒక పని చేద్దాం. ఆ పూటకి స్టాకులోంచి వేరే నవ్వు పంపిస్తాను. పాపం పిల్ల ఎదురుచూస్తుంటుంది కదా."

పంపించారు కూడా. ఉద్యోగం మానేసిన ఒకాయన వదిలి వెళ్ళిన నవ్వు. పెద్దగా వాడలేదని చెప్పారు.

ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ ఆ గదిలో సర్దుకున్నారు. నరసమ్మగారు కుర్చీలో, హైమావతి గుమ్మంలో, తండ్రీ కూతుళ్ళు బల్లముందు. సంహిత కుడి మీట నొక్కింది. బళ్ళు కదిలాయి. మలుపులో బ్యాండుమేళం వాళ్ళు వాయిస్తూ వాయిస్తూనే నీళ్ళలో దిగిపోయారు. సన్నాయి ఒక్కటే పైకి తేలి వాయించింది. లడ్డూలు దొర్లాయి. పెళ్ళికొడుకు మునిగాడు. అలిగిన మేనమామ బండి మాత్రం పడలేదు. ఆయన దిగి చూసి, తనని ఎవరూ పిలవలేదని ఇంకా అలిగి, తనంత తనే వెళ్ళి చెరువులో దూకాడు.

హైమావతి నవ్వింది. నరసమ్మగారికి కళ్ళనీళ్ళొచ్చాయి. కూర్మారావు నోరు తెరిచాడు. "హె హె హెమ్" అని వచ్చింది. చివర ఒక దగ్గు. ఎవరో లావుపాటి మనిషి, ఎదటివాడు అధికారి అయినప్పుడు నవ్వే నవ్వు.

"ఎవులి నవ్వురా ఇది?" అంది నరసమ్మగారు. "పరాయోల్ల నవ్వు తెచ్చి ఇంట్లో ఎడతావేటి? ఆడు బతికున్నాడో లేడో!"

సంహిత ఏడవలేదు. తండ్రి నోటికేసి కాసేపు చూసింది. ఆ తరవాత చెవి వెళ్ళి మూసి ఉన్న ల్యాప్‌టాప్‌మీద ఆనించింది. లోపల ఎక్కడో, సముద్రం అవతల ఉన్న క్లయింటు ముందు, ఎక్కిళ్ళు మొదలయ్యాయి. భుజాలు ఎగిరే చోట ఊపిరి ఆగింది. కుక్కరు కూసింది.

"అక్కడుంది," అంది పిల్ల. "బాగానే ఉంది మామ్మా."

కూర్మారావు ఆ రాత్రి అన్నం దగ్గర కూతురితో ఒక మాట అన్నాడు. "నా దగ్గర ఉంటే నీకివ్వనా తల్లీ?" అని. "తెలుసు నాన్నా," అని ఆ పిల్ల పెరుగు కలుపుకుంది. స్టాకు నవ్వు మర్నాడే తిరిగి పంపించేశారు.

తరవాతి శుక్రవారం స్కూల్నుంచి వచ్చి సంహిత తిన్నగా గదిలోకి వెళ్ళింది. మురారిగారి మీటింగు నడుస్తోంది. కూర్మారావు కళ్ళు తెరమీద ఉన్నాయి, పిల్లని చూడలేదు. చూసినా పోల్చుకోవు. ఆ వైపు ఆ పిల్ల పరికరం కాదు. సంహిత తండ్రి తలమీదినుంచి హెడ్‌సెట్ తీసి తను పెట్టుకుంది.

"మురారి అంకుల్, నేను సంహితనండీ. కూర్మారావుగారి అమ్మాయిని. మీరు మీటింగులో కథలేమైనా చెబుతారా?"

అవతల మురారిగారే పలికారు. "మొదట్లో ఒకటి చెబుతుంటానమ్మా. అందరూ కాస్త తేలికపడతారని. నా దగ్గర అయిపోవచ్చాయి కూడా."

"నా దగ్గరుంది. నేను చెబుతాను, మీరు మళ్ళీ చెబుతారా? నేను చెబితే నాన్న నవ్వు రాదు. మీరు చెబితే వస్తుంది."

మురారిగారు పద్ధతి తెలిసిన మనిషి. సూచన ఎవరినుంచి వచ్చినా తీసుకుంటారు. కథంతా విన్నారు. అలిగిన మేనమామ దగ్గర ఒకసారి మళ్ళీ చెప్పించుకున్నారు. తరవాత గొంతు సవరించుకుని, ఒక ఊళ్ళో ఒక పెళ్ళివారుండేవారని మొదలెట్టారు. అంత బాగా చెప్పలేదాయన. సన్నాయి సంగతి ముందే చెప్పేశారు, పురోహితుడి గొడుగు మరిచిపోయారు. అయినా మేనమామ దూకగానే కూర్మారావు ఎక్కిళ్ళు పెట్టాడు. భుజాలు ఎగిరాయి. చెయ్యి బల్లని బాదింది. ముక్కులోంచి కూత మూడు వీధులకి వినిపించేలా వచ్చింది. హైమావతి వంటింట్లో స్టవ్ తగ్గించింది.

సంహిత హెడ్‌సెట్ రెండు చేతులతో చెవులకి అదుముకుని, కళ్ళు మూసుకుని ఆఖరి దాకా వింది. తండ్రి అడుగు దూరంలోనే ఉన్నాడు గాని, హెడ్‌సెట్లోనే బాగుంది.

అది మొదలు ప్రతి శుక్రవారం ఒక కథ సంహితాపురంనుంచి మురారిగారికి వెళ్ళేది. మీటింగుకి పిలిచేవాళ్ళలో ఆయన ఆ పిల్ల పేరూ చేర్చారు. పేరు పక్కన విభాగం రాయాలంటే "చెరువు" అని రాశారు. నరసమ్మగారు శుక్రవారం సాయంత్రం తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చి కూచునేది. హైమావతి పకోడీలు వేసేది. ముగ్గురూ హైమావతి ఫోన్లోంచి మీటింగులో చేరి, మైకు ఆపుకుని, మాట్లాడకూడదన్న నియమం పాటించి, కూర్మారావు నవ్వేదాకా కదలకుండా కూచునేవారు. కూర్మారావుకి ఆ ముగ్గురూ తెర మూల చిన్న గడిలో కనిపించేవారు. పక్కకి తిరిగితే అదే గదిలో ఉన్నారు గాని, ఆ టైములో తిరగడానికి మెడ కూడా ఆఫీసుదే. మెడ ఎప్పుడు చేరిందో ఎవరూ గమనించలేదు. ఆ చిన్న గడిలో కూతురు ఎదుగుతోందని మాత్రం ఆయన గమనించాడు. జడ పొడుగయింది. ఊడిన పన్ను మళ్ళీ వచ్చింది. బాగుందనుకున్నాడు.

ఏడాది తిరిగి మళ్ళీ నవమి వచ్చింది. ఆఫీసుకి సెలవే గాని, పని ఒకటి మిగిలిపోయి ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. నరసమ్మగారు బొట్లు పెట్టింది. దారం తీసి కంప్యూటర్లకీ, తెరకీ, పెట్టెకీ చుట్టింది. కొడుకు మణికట్టు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగింది. నిరుటి ముడి అక్కడే ఉంది, రంగు మాసి.

"ఈసారి నీకొద్దురా బాబూ," అంది.

"నాకు కట్టు మామ్మా," అంటూ సంహిత చెయ్యి చాపింది.

"నీకెందుకే గుంటా? నీకేటి పనుంది?"

"పనేం లేదు. అటువైపయితే నాన్న ఉంటాడు కదా."

నరసమ్మగారు కోడలికేసి చూసింది. హైమావతి హారతిపళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. వద్దు అనలేదు. అనడానికి ఏదైనా ఉందేమోనని కాసేపు వెతికింది. అంతలో కర్పూరం అయిపోవచ్చింది.

"తెంపి కట్టనా?" అంది నరసమ్మగారు.

"తెంపకూడదన్నావుగా."

ఒక్క దారమే పెట్టెనుంచి పిల్ల చేతిదాకా వెళ్ళింది. ముడి పడింది. పెట్టెమీద దీపం రెండుసార్లు మిణికింది. తెరమీద ఒక కబురు వచ్చింది. కొత్త పరికరం కనబడింది అని మొదలై, కింద ఇంకా చాలా ఉంది. కూర్మారావు కళ్ళు దాన్ని చూశాయి. వెళ్ళి సరే నొక్కడానికి చెయ్యి ఆయన్ని అడగలేదు. అదివరకెప్పుడూ అడగలేదు కూడా.

"నాన్నా," అంది సంహిత.

పిల్ల ఇప్పుడు అటువైపుదే గనక కూర్మారావు మెడ తిరిగింది. ఏడాదిలో మొదటిసారి పని వేళలో కూతుర్ని ఎదురెదురుగా చూసి, ఎంత పొడుగయిందో అనుకుని, చాలా సంతోషించి, కుక్కరు కూసినట్టు నవ్వాడు. పిల్ల కూడా నవ్వింది. అచ్చం అదే నవ్వు. అవతల ఎక్కడో మురారిగారి తెరమీద రెండు ఆకుపచ్చ చుక్కలు పక్కపక్కనే వెలిగాయి.